మెయిన్ ఎంసీబీ నిలబడట్లేదు, పొద్దున్నుంచి ఇదే గోస. డైరెక్ట్ చేసుకోవచ్చా?

మంకమ్మతోట వాసి:
పొద్దున ఏడింటి నుంచి ఇదే పని. మెయిన్ ఎంసీబీ, అదే కరెంటులో తేడా వస్తే తనంతట పడిపోయే పెద్ద స్విచ్చి, ఎత్తుతాను, పది నిమిషాలు ఉంటుంది, టక్కున పడిపోతుంది. ఒక్కోసారి రెండు నిమిషాలు కూడా ఉండదు. బోరు మోటారు వేస్తే ఆ క్షణమే పడుతుంది. ఇంట్లో ఎక్కడో షార్ట్ అవుతోంది, ఎక్కడో దొరకట్లేదు. ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషిన్ అన్నిటి ప్లగ్గులు పీకేశాను. చిన్న ఎంసీబీలు ఒక్కొక్కటి దించి చూశాను, ఏది దించినా అంతే. 1912కి ఫోన్ చేస్తే లైన్‌మ్యాన్ వచ్చి మీటరు దగ్గర చూసి, "సప్లయి మంచిగనే ఉంది, మీటరు దాటినంక మీ వైరింగే" అని చెప్పి పోయాడు. సర్వీస్ వైరుకు వేపకొమ్మ తగులుతోందని కూడా అన్నాడు. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఉగాది పనుల్లో ఉన్నాడు, రేపు సాయంత్రం దాకా రాలేడట. ఆ పెద్ద స్విచ్చే పాడైనట్టుంది, రెండు వైర్లూ తీసి డైరెక్ట్ కలుపుకోండి, రేపు కొత్తది వేస్తా అని ఫోన్లో చెప్పాడు. ఇంట్లో అమ్మ ఉంది, రెండేళ్ళ పాప ఉంది. బయట ఎండ మండిపోతోంది. డైరెక్ట్ చేసుకోవచ్చా? తొందరగా చెప్పండి.

పాత వైర్‌మ్యాన్:
ఆ స్విచ్చి మీద టీ అనే అక్షరంతో చిన్న బటన్ ఉందా?

గోదారిగట్టు:
ముందు మీ ఎర్త్ గుంత సంగతి చెప్పండి. మాఘం పోయి ఫాల్గుణం వచ్చేసరికి నేల ఎండిపోతుంది, ఎర్తింగ్ బలం తగ్గిపోతుంది. ఇల్లు కట్టిన రోజు గుంత తవ్వించి, పైన బండ వేసి, ఆ తర్వాత దాని మొహం చూసేవాళ్ళు లేరు. రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, పైన గరాటు పెట్టేది ఎందుకు? ఎండాకాలం నీళ్ళు పోయడానికే. ఐఎస్ 3043 అనే భారత ప్రమాణం అంతా ఈ ఎర్తింగ్ గురించే ఉంది. మా వీధిలో పన్నెండు ఇళ్ళు చూశాను, ఎనిమిదింట్లో గరాటు మూతే దొరకలేదు. రెండు బిందెల నీళ్ళు పోసి అరగంట ఆగి చూడండి. ఎర్త్ లేకపోతే ఆ స్విచ్చి ఉండీ లేనట్టే.

మంకమ్మతోట వాసి:
బటన్ ఉంది. నీలం రంగు. గుంత ఇంటి వెనక ఉంది, ఎనిమిదేళ్ళ కింద తవ్వించాం. సార్, ఎర్త్ గురించి తర్వాత చూసుకుంటాను, ముందు కరెంటు నిలబడాలి.

పాత వైర్‌మ్యాన్:
బటన్ ఉంటే అది ఎంసీబీ కాదు, ఆర్‌సీసీబీ. డైరెక్ట్ చేయొద్దు.

మంకమ్మతోట వాసి:
ఏదైనా షార్ట్ అయితేనే కదా పడేది? రెండిటికీ తేడా ఏముంది?

రిలే టెస్టింగ్ ఇంజినీర్:
చాలా తేడా ఉంది. మనం అన్నిటినీ షార్ట్ అనేస్తాం, అందుకే వెతకాల్సిన చోట వెతకం. కరెంటు తెచ్చే ఫేజు వైరు, దాన్ని తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ వైరు నేరుగా తగిలితే షార్ట్. అప్పుడు వందల ఆంపియర్లు పారి ఎంసీబీ ఆ క్షణమే పడుతుంది, పది నిమిషాలు ఆగదు. తట్టుకునే దానికంటే ఎక్కువ సామాను ఒకేసారి నడిస్తే ఓవర్‌లోడ్, అప్పుడు కాస్త వేడెక్కి నిదానంగా పడుతుంది. ఆర్‌సీసీబీ ఈ రెండూ చూడదు. ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అన్నదొక్కటే చూస్తుంది. ఇళ్ళకు పెట్టేవి ఎక్కువగా 30 మిల్లీ ఆంపియర్లవి, అంటే ఆంపియరులో వందకు మూడు వంతులు. అంతకు మించి తేడా వస్తే పడిపోతుంది. మీది లీకేజీ. ఎక్కడి నుంచో కొంత కరెంటు న్యూట్రల్‌ దారి వదిలేసి వేరే దారిలో భూమిలోకి పోతోంది.

ఇంకో మాట, గోదారిగట్టు గారికి. ఎర్త్ లేకపోతే ఆర్‌సీసీబీ ఉండీ లేనట్టే అన్నది సరికాదు. ఎర్త్ ఉంటే, కూలర్ బాడీకి కరెంటు తగిలిన వెంటనే, మనిషి ముట్టకముందే పడిపోతుంది. ఎర్త్ లేకపోతే మనిషి ముట్టినప్పుడు పడుతుంది. షాక్ తగులుతుంది కానీ ప్రాణం నిలబడే అవకాశం ఎక్కువ.

గోదారిగట్టు:
మనిషి ముట్టినప్పుడు పడటాన్ని పనిచేయడం అంటారా? ముట్టేది రెండేళ్ళ పాప అయితే? నేనన్నది అదే. రెండూ ఉండాలి.

రిలే టెస్టింగ్ ఇంజినీర్:
రెండూ ఉండాలన్నదాంట్లో మనకు తగాదా లేదు. ఉండీ లేనట్టే అన్న మాట చదివి ఎవరైనా ఆర్‌సీసీబీ పీకేస్తారేమో అనే నా భయం.

లెక్కల మాస్టారు:
1912కి చేసినప్పుడు ఫిర్యాదు నంబరు ఇస్తారు, రాసి పెట్టుకున్నారా? లైన్‌మ్యాన్ నోటిమాటగా చెప్పి వెళ్ళిపోతే రేపు మీ దగ్గర ఏ రుజువూ ఉండదు. పరిష్కారం కాకపోతే సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) కాగితం మీద రాసివ్వండి. అక్కడా కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రతి డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, అది పెట్టాల్సిందే. దాని తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. మీటరు దాటాక వైరింగు మనదే, అందులో లైన్‌మ్యాన్ తప్పు లేదు. కానీ ఆ వేపకొమ్మ సంగతి ఇవాళే మళ్ళీ చెప్పండి. చైత్రం ముందు సాయంత్రాలు ఈదురుగాలులు మొదలవుతాయి, కొమ్మ ఒరుసుకుని వైరు తోలు ఊడుతుంది. వెదురు గడతోనో కత్తితోనో మీరే కొట్టడానికి మాత్రం పోకండి. లైను ఆపి వాళ్ళే కొట్టాలి.

ఇంకొకటి. లీకేజీ ఉంటే యూనిట్లు కూడా పెరగొచ్చు. మీకు గృహజ్యోతి (ఉచిత కరెంటు పథకం) వస్తుంటే 200 యూనిట్లు దాటిన నెల బిల్లంతా కట్టాలి. పోయిన నెల రీడింగు ఎంత?

మంకమ్మతోట వాసి:
బిల్లు గురించి కాదు మాస్టారూ. ఇప్పుడు ఇంకో విచిత్రం. ఆ పెద్ద స్విచ్చి పూర్తిగా దించి, హాల్లో బోర్డు విప్పి చూశాను. టెస్టర్ పెడితే వెలుగుతోంది! మెయిన్ దించినా కరెంటు ఎలా వస్తోంది? బయటి లైను నుంచే లీక్ అవుతున్నట్టు కాదా?

పాత వైర్‌మ్యాన్:
ఇన్వర్టర్ ఉందా?

మంకమ్మతోట వాసి:
ఉంది. ఎందుకు?

పాత వైర్‌మ్యాన్:
బోర్డు ముట్టకండి. చెయ్యి తీసేయండి.

జగిత్యాల నుంచి దమ్మామ్:
అన్నా, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. మెయిన్ దించితే బయటి నుంచి వచ్చే కరెంటే ఆగుతది. ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 230 వోల్టులు తయారు చేసి హాలు ఫ్యాన్లకు, లైట్లకు పంపుతనే ఉంటది. దాని పనే అది. మెయిన్ దించాం కదా అని బోర్డు ముట్టిన మంచి మంచి ఎలక్ట్రీషియన్లకే దెబ్బ తగిలింది. ముందు ఇన్వర్టర్ స్విచ్చి ఆపు. దాని నుంచి ఇంట్లోకి పోయే ప్లగ్గు ఉంటే అది కూడా పీకు. పాపను ఆ గదిలోకి రానీయకు. అయిందని ఇక్కడ రాసినంకనే మిగతాది చెప్తా.

ఖమ్మం గృహిణి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నిన్న అటక మీద నుంచి ఇనుప కూలర్ దించి కడిగి పెట్టాం. తడి చేత్తో ముడితే చీమ కుట్టినట్టు జివ్వుమంటోంది. మా ఆయన చెప్పులేసుకుని ముట్టు, ఏం కాదు అంటున్నారు. దానికి రెండు పిన్నుల ప్లగ్గు ఉంది. ఇది కూడా లీకేజీయేనా?

మంకమ్మతోట వాసి:
ఇన్వర్టర్ ఆపేశాను. ప్లగ్గు తీసేశాను. టెస్టర్ ఇప్పుడు వెలగట్లేదు. నిజంగా చేతులు వణుకుతున్నాయి. ఇందాక ఆ బోర్డులో వేలు పెట్టబోయాను.

జగిత్యాల నుంచి దమ్మామ్:
మంచిది. ఇప్పుడు కూర్చొని చదువు. చిన్న ఎంసీబీలు ఏది దించినా పెద్దది పడుతోందన్నవు. అందుకే స్విచ్చే పాడైందని మీ ఎలక్ట్రీషియన్ అనుకున్నడు. కానీ మన ఇళ్ళల్లో ఆ చిన్న ఎంసీబీలు ఫేజు వైరునే తెంపుతాయి. న్యూట్రల్ వైర్లన్నీ బోర్డులో ఒకే ఇత్తడి పట్టీకి బిగించి ఉంటాయి, వాటిని ఏ ఎంసీబీ తెంపదు. ఎక్కడన్న ఒక న్యూట్రల్ వైరు తోలు పోయి ఎర్త్‌కు తగిలిందనుకో, ఆ గది ఎంసీబీ దించినా ఆ తగులుడు అట్లనే ఉంటది. వేరే గదిలో ఫ్యానో మోటారో నడిస్తే, తిరిగిపోయే కరెంటులో కొంచెం ఆ దారిన భూమిలోకి జారుతది. నడిచే సామాను తక్కువుంటే జారేది తక్కువ, కాసేపు నిలబడతది. మోటారు వేస్తే ఎక్కువ, వెంటనే పడతది. నువ్వు చెప్పింది అచ్చం ఇదే.

ఒకటి అడుగుతా. ఈ వారం పది రోజుల్లో గోడకు మేకు కొట్టిండ్రా? డ్రిల్ వేసిండ్రా? ఏదన్న బోర్డు విప్పిండ్రా?

మంకమ్మతోట వాసి:
మేకులేం కొట్టలేదు. ఉగాదికి రంగులు వేయించాం, మొన్ననే అయిపోయింది. పెయింటర్లే బోర్డుల ప్లేట్లు విప్పి, రంగు వేశాక మళ్ళీ బిగించారు. దానికీ దీనికీ ఏం సంబంధం?

పాత వైర్‌మ్యాన్:
ఇది మొదటి మాటలోనే రాయాల్సింది.

రిలే టెస్టింగ్ ఇంజినీర్:
సంబంధం అంతా అక్కడే ఉండొచ్చు. ప్లేటు బిగించేటప్పుడు వైర్లు వెనక్కి తోసి స్క్రూ తిప్పుతారు. స్క్రూకీ ఇనుప పెట్టెకీ మధ్య ఒక వైరు ఇరుక్కుంటే తోలు తెగుతుంది. ఇనుప పెట్టె ఎర్త్‌కు కలిపి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపి, న్యూట్రల్ పట్టీ నుంచి ఒక్కో వైరూ ఊడదీసి, దానికీ ఎర్త్‌కూ మధ్య మెగ్గర్ (వైరు తోలు బాగుందో లేదో కొలిచే మీటరు) పెడితే ఏ గదిదో కొద్దిసేపట్లో తేలిపోతుంది. పట్టీ నుంచి ఊడదీయకుండా చూస్తే లాభం లేదు. న్యూట్రల్ వైర్లన్నీ ఆ పట్టీ దగ్గర కలిసే ఉంటాయి కాబట్టి ఒక్కటి తగిలినా అన్నీ తగిలినట్టే చూపిస్తాయి. పంపిణీ బోర్డు మూత మీరు తీయకండి, మెయిన్ దించినా దాని పైవైపు వైర్లలో కరెంటు ఉంటుంది.

జగిత్యాల నుంచి దమ్మామ్:
ఇక్కడ సౌదీల సైట్ల మీద లీకేజీ బ్రేకర్ (ఆర్‌సీసీబీ లాంటిదే) లేకుంటే డ్రిల్ మిషన్ కూడా ముట్టనీయరు. ఒక్కపూట పని ఆగుతదని దాన్ని డైరెక్ట్ చేసినోడిని ఆ రోజే గేటు బయటికి పంపుతరు. మన ఇంట్ల అమ్మ, పాప ఉన్నంక మనం ఒక్క రాత్రికని ఎట్ల డైరెక్ట్ చేస్తం అన్నా? రాత్రి ఉక్కపోస్తే ఇంకొకరి ఇంట్లనైనా పండుకోండ్రి. వేరే ఎలక్ట్రీషియన్ను చూడు.

లెక్కల మాస్టారు:
మీటరు మీద ఈఎల్ అని రాసి చిన్న ఎర్ర లైటు ఏమైనా వెలుగుతోందా? కొన్ని మీటర్లకు ఉంటుంది. ఫేజు, న్యూట్రల్ కరెంట్లు సమానంగా లేకపోతే వెలుగుతుంది.

గోదారిగట్టు:
గుంతలో నీళ్ళు పోశారా లేదా?

ఖమ్మం గృహిణి:
నా కూలర్ గురించి ఎవరూ చెప్పలేదు.

పాత వైర్‌మ్యాన్:
అమ్మా, ఆ కూలర్ ఇప్పుడే ప్లగ్గు పీకి పక్కన పెట్టండి. జివ్వుమంటే లీకేజీయే. చెప్పులతో సంబంధం లేదు, ఇవాళ చెప్పులతో ముట్టినవాళ్ళు రేపు తడి గచ్చు మీద ఉత్త కాళ్ళతో ముడతారు. పంపు మోటారు వైరు చూపించండి, ఏడాదంతా అటక మీద ఉంటే ఎలుకలు కొరుకుతాయి. మూడు పిన్నుల ప్లగ్గు, మూడు వైర్ల తీగ వేయించి, మూడో వైరు కూలర్ బాడీకి బిగించాలి. మీ ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోతే అది కూడా పెట్టించండి. బాగుచేశాక కూడా నీళ్ళు పోసే ప్రతిసారీ ప్లగ్గు పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు. ఇరవై ఏళ్ళలో ఎండాకాలం నేను వెళ్ళిన, షాక్‌తో చెడు జరిగిన ఇళ్ళన్నీ ఇనుప కూలర్లవే.

మంకమ్మతోట వాసి:
దొరికింది. పక్క గల్లీలో ఒకాయన రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చాడు. వరండా బోర్డు. ప్లేటు కింది స్క్రూ కింద నల్ల వైరు ఇరుక్కుని రాగి బయటపడింది, ఇనుప పెట్టెకు ఆని ఉంది. ఆ ముక్క కోసి కొత్తది వేశాడు. మోటారు కూడా వేసి చూశాం, గంట నుంచి నిలబడింది. అందరికీ థాంక్స్. పాప పడుకుంది.

పాత వైర్‌మ్యాన్:
మిగతా బోర్డులు కూడా విప్పించి చూడండి. బిగించింది ఆ పెయింటర్లే. టీ బటన్ నెలకోసారి నొక్కండి, పడకపోతే అప్పుడు మార్చాలి.

లెక్కల మాస్టారు:
వేపకొమ్మ సంగతి చెప్పారా?

ఖమ్మం గృహిణి:
ఇవాళ మూడు పిన్నుల ప్లగ్గు వేయించాను. సాకెట్ విప్పి చూసిన అబ్బాయి, పైన ఎర్త్‌కని ఉన్న పెద్ద రంధ్రానికి వెనక వైరే లేదంటున్నాడు. ఇల్లు కట్టినప్పటి నుంచి అంతేనట, ఏ గదిలోనూ లేదట. గోదారిగట్టు గారూ, ఇప్పుడు గుంత తవ్వించి ఇల్లంతా కొత్త వైరు లాగాలంటే గోడలు పగలగొట్టాలా?