‘ఈ అడవి దాగిపోనా’: ఆ ‘లో’ ఎక్కడికి పోయింది?

చదువరి: ఈమధ్య కథల్లో అడవులు, నదులు, ఎండిన చెరువులు ఎక్కువయ్యాయి, మంచిదే. నిన్న చదివిన ఒక కథకు తలకట్టుగా కృష్ణశాస్త్రి పాదం పెట్టారు: ‘ఈ అడవిలో దాగిపోనా’. నా చెవిలో ఉన్నది మాత్రం ‘ఆకులో ఆకునై’ పాటలోని ‘ఈ అడవి దాగిపోనా’. ఏది సరి? ‘లో’ లేకపోతే అన్వయం ఎలా?

గణాలరాయుడు: ‘లో’ లేదు. ‘కృష్ణపక్షం’లో ‘ఈ యడవి దాగిపోనా’. లెక్క చూడండి. ‘ఆకులో’, ‘ఆకునై’, ‘ఈ అడవి’ అన్నీ అయిదేసి మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగుదానికి రెండు). ‘ఈ అడవిలో’ అంటే ఏడు, నడక కుంటుతుంది. అంతకు మించి మర్మమేమీ లేదు.

తోకచుక్క: మాత్రలే అడ్డమైతే ‘కానలో దాగిపోనా’ అనవచ్చు కదా. ‘కానలో’ కూడా అయిదే. ఆయనకు మాటల కరువా?

గణాలరాయుడు: ‘ఈ’ పోతుందండీ. అడవి ఎదురుగా ఉందని చెప్పేది ఆ ఒక్క అక్షరమే.

వ్యాకరణప్రియ: ముందుగా ఒక మాట. అందరూ ‘లో’ను సప్తమి అనుకుంటున్నట్టున్నారు. సంప్రదాయం ప్రకారం అది షష్ఠి. సప్తమికి అందు, ఇందు, న. ఇక అసలు విషయం. జడవాచకాలకు ద్వితీయ (ని, ను) బదులు ప్రథమ రావచ్చునని చిన్నయసూరి ఎప్పుడో చెప్పాడు. ‘చెట్టు కొట్టాడు’ అంటే అర్థమవుతుంది. ‘మనిషి కొట్టాడు’ అంటే కథ తిరగబడుతుంది. అడవి జడం కనుక ప్రత్యయం లేకపోయినా చెల్లుతుంది.

తోకచుక్క: దాగడం అకర్మకం, దానికి ద్వితీయ ఎక్కడిది? అడవి జడమని ఒప్పుకుంటే ఆ పాట రాయడమే దండగ. ఆకునై, పూవునై, రెమ్మనై అయిపోయాక ‘అడవిలో’ దాక్కోవడానికి విడిగా మనిషి ఎక్కడ మిగిలాడు? ‘ఈ అడవినై దాగిపోనా’ అని నా అన్వయం.

వ్యాకరణప్రియ: ‘నై’ని మింగేయమని ఏ సూత్రం చెబుతుందో సెలవివ్వండి.

అడవిదారి: సూత్రం సంగతి ఎలా ఉన్నా, చదువరిగారు ఎత్తిన కథల ముచ్చటంతా ఈ ‘లో’ దగ్గరే ఉంది. మనం రాసేవి చాలావరకు ‘అడవిలో’ కథలు. వెనక చెట్లుంటాయి, ముందు మనుషులు పోట్లాడుకుంటారు. చెట్లు కొట్టేసినా కథ ఆగదు. కేశవరెడ్డి దగ్గర అది ‘అడవిని’ అయింది: ‘అతడు అడవిని జయించాడు’. పందిని వెతుక్కుంటూ వెళ్లిన ఆ ముసలివాడి జయం ఎలాంటిదో చదివినవారికి తెలుసు, ఆ ‘ని’లో ఎంత వెటకారం ఉందో కూడా. సన్నపురెడ్డి ‘కొండపొలం’ (2019)లో కరువును తీసేస్తే గొర్రెలు నల్లమల ఎక్కవు, నవలే మొదలుకాదు. మేత, నీరు ఎటుంటే కథ అటు నడుస్తుంది. వాతావరణ మార్పును గంభీరమైన నవల గడప దాటనివ్వలేదని అమితవ్ ఘోష్ 2016లో తగవు పెట్టుకున్నది ఇందుకే. నవలలో చిన్ననాటి స్నేహితులు రైల్లో ఎదురెదురు సీట్లలో తేలితే నమ్ముతాం; ఊరు మునిగితే మాత్రం అతిశయోక్తి అంటాం.

గణాలరాయుడు: విభూతిభూషణుడి ‘వనవాసి’ని వదిలేశారేం? అడవిని ప్రాణంగా చూసుకున్నవాడే దాన్ని ముక్కలు చేసి రైతులకు పంచే మేనేజరు. ఆ మెలిక ఇప్పటివారిలో ఎక్కడుంది? కథకుడు ఎప్పుడూ నిర్దోషి, పాపమంతా గనుల కంపెనీదే.

తోకచుక్క: బెంగాలీలో అది 1939 నాటి పుస్తకం. ఇప్పటి కథల మాట వస్తే మీరు ఎప్పుడూ ఎనభై ఏళ్లు వెనక్కి పోతారు.

గణాలరాయుడు: ముందుకు రమ్మనే పుస్తకం చూపించండి, వస్తాను.

చదువరి: మరి ఆ కథ రాసినవారికి ఏమని చెప్పను? ‘లో’ తీసేయమనా?

వ్యాకరణప్రియ: తీసేయమనండి. కారణం అడిగితే నా పేరు చెప్పండి, తోకచుక్కగారి పేరు చెప్పకండి.

అడవిదారి: పనిలో పని, అదే పాటలో ‘సెలపాటలో తేటనై’ అన్నచోట తేటా, తేటియా (తుమ్మెదా)? రెండు రకాలుగానూ విన్నాను.

గణాలరాయుడు: తేటే. తేటి తరువాత వస్తుంది, పగడాల చిగురాకు తెరచాటున.

వ్యాకరణప్రియ: తేట ఉండేది నీటికి. పాటకు తేట ఏమిటండీ?