పాటలో బటన్ నొక్కే బాబు అన్నం దగ్గర నొక్కడం లేదు

ఆటిజం ఉన్న ఆరేళ్ల బాబు, మాటలు రావు. వారానికి 2 సార్లు, 30 నిమిషాల మ్యూజిక్ థెరపీ. డోలక్ వాయిస్తూ పాడి, చివరి మాట ముందు ఆపి 10 సెకన్లు ఎదురుచూస్తాను. "ఇంకా" అని రికార్డు చేసిన బటన్‌ను 10కి 8 సార్లు తనే నొక్కుతున్నాడు. 5 సెకన్లే ఆగినప్పుడు అందుకోలేకపోయేవాడు.

అదే బటన్ అన్నం కంచం పక్కన పెడితే చూడనైనా చూడడు, అమ్మ చెయ్యి లాగుతాడు. 3 వారాలుగా ప్రయత్నిస్తున్నాం. అమ్మ గొంతుతో మళ్లీ రికార్డు చేశాం. తినేటప్పుడు అదే పాట పాడితే నొక్కాడు, కానీ పాట కోసమే. ముద్ద పెడితే తోసేశాడు. మాటల్లేకుండా కూనిరాగం తీసినా ఫలితం లేదు. చెయ్యి పట్టుకుని నొక్కించను, అది బాబు చెప్పినట్టు కాదు.

పాటను ఏయే మెట్లలో తగ్గిస్తే "ఇంకా" అన్నం అడగడానికీ పనికొస్తుందని బాబుకి తెలుస్తుంది?