టాపిక్ తగ్గించమంటున్నారు, ఎలా తగ్గించాలి?

చివరి_సెమిస్టర్: ఎమ్మే సోషియాలజీ చేస్తున్నాను. థీసిస్ టాపిక్ ‘డెలివరీ యాప్ కార్మికుల జీవితం’. గైడ్ గారేమో చాలా పెద్దది, తగ్గించు అంటారు. పేపర్లు డౌన్‌లోడ్ చేసి చదువుతూనే ఉన్నాను, ఒకటి చదివితే అందులోంచి ఇంకో పది బయటపడతాయి, రాసింది మాత్రం సున్నా. అసలు ఇంటర్వ్యూలు ఎంతమందిని చేయాలి? చదవడం పూర్తయ్యాకే ఫీల్డ్‌కి వెళ్లాలా? టెన్షన్‌గా ఉంది.

పాత_కాపు: చదవడం ఎప్పటికీ పూర్తవదు, ఆ ఆశ వదిలేయండి. మీరు చెప్పినది టాపికే, ప్రశ్న ఇంకా పుట్టలేదు. ‘రేటింగ్ పడిపోయినప్పుడు కార్మికులు దానికి కారణం ఏమనుకుంటారు, ఎవరికి చెప్పుకుంటారు?’ అని అడిగి చూడండి, ఎవరితో మాట్లాడాలో, ఏం అడగాలో, ఏ పేపర్లు పక్కన పెట్టేయొచ్చో వెంటనే తెలుస్తుంది. ఇంకోటి, కొద్దిమందితో మాట్లాడి ‘రేటింగ్ వల్ల ఆదాయం ఇంత తగ్గింది’ అని తేల్చలేం, దానికి పోల్చి చూసే డేటా కావాలి. వాళ్లు దాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారో చెప్పడానికైతే ఇంటర్వ్యూలు భేషుగ్గా సరిపోతాయి.

ఫీల్డ్‌నోట్స్: సంఖ్య సంగతి. 2006లో గెస్ట్, బన్స్, జాన్సన్ అనే పరిశోధకులు 60 ఇంటర్వ్యూలు విశ్లేషించి, మొదటి 12 లోపే కొత్త విషయాలు రావడం దాదాపు ఆగిపోయిందని చూపించారు. అందరూ ఆ 12 పట్టుకుని వేలాడతారు గానీ, వాళ్లు మాట్లాడింది ఒకే తరహా మనుషులతో, అడిగింది కూడా దాదాపు అవే ప్రశ్నలు. మీరు ఆడవాళ్లని, మగవాళ్లని, పార్ట్‌టైమ్ వాళ్లని అందరినీ కలిపేస్తే అది చాలకపోవచ్చు. గంట రికార్డింగ్‌ని చేత్తో టైప్ చేయడానికి నాలుగైదు గంటలు సులువుగా పోతాయి, అది కూడా లెక్కలో వేసుకోండి. ఎథిక్స్ అనుమతి (మనుషులతో చేసే పరిశోధనకి కమిటీ ఇచ్చే అనుమతి) అవసరమైతే అది రాకుండా ఒక్కరినీ ఇంటర్వ్యూ చేయొద్దు, తర్వాత ఆ డేటా వాడుకోనివ్వరు.

కామా_ఫుల్‌స్టాప్: రాయడం మెథడ్ చాప్టర్‌తో మొదలుపెట్టండి. ఎవరిని, ఎలా ఎంచుకున్నారు, ఎందుకు అన్నది మీకు తెలిసిన విషయమే కాబట్టి పెన్ను కదులుతుంది. ఇంట్రడక్షన్ చివర్లో తిరగరాయక తప్పదు. లిటరేచర్ రివ్యూలో ‘ఫలానా వారు ఇలా అన్నారు, ఫలానా వారు అలా అన్నారు’ అని పేర్చుకుంటూ పోతే చదివేవాళ్లకి నిద్రొస్తుంది, ఎవరు ఎవరితో ఎక్కడ విభేదిస్తున్నారో దాని చుట్టూ రాయండి. రిఫరెన్సులు దాచుకుని జాబితా తయారుచేసుకోవడానికి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఈరోజే పెట్టుకోండి.

చివరి_సెమిస్టర్: థాంక్సండీ. రేటింగ్ ప్రశ్న బాగుంది, కానీ గైడ్ గారు దీనికీ పెద్దది అంటే?

పాత_కాపు: ఒక్కటే తీసుకెళ్తే అంటారు. ఒకే పేజీలో మూడు ప్రశ్నలు రాసి, ఒక్కోదాని కింద ఎవరిని అడుగుతారో, ఎంత టైమ్ పడుతుందో రెండేసి లైన్లు రాసి ముందు పెట్టండి. ‘తగ్గించు’ అని పంపేయడం కుదరదు, మూడింట్లో ఏదో ఒకదాని మీద చెయ్యి పెట్టాల్సిందే.