అంబాసిడర్ గుమ్మం కింది రేకు పోయింది, ఏం చెయ్యమంటారు?

మాది విజయనగరం. నాన్నగారి 1984 అంబాసిడర్ పదేళ్లు కళింగపట్నం ఉప్పుగాలిలో ఉంది. డ్రైవర్ తలుపు కింది రేకుని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. లోపల్నుంచి దోసెడు తుప్పు, ఎప్పటిదో ఒక జీడిపిక్క రాలాయి. మేస్త్రి పైన రేకు అతికి పుట్టీ పెట్టేస్తానంటున్నాడు. సరేననమంటారా?

— వద్దు బాబూ. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) లేదు, బరువు మోసేది తలుపు కింది ఆ గుమ్మమే. మెరిసే ఇనుము తగిలేదాకా కోయించు. కోసేముందు తలుపు సందు కుంగకుండా అడ్డంగా ఇనప పైపు టాక్ వేయించు, అంటే చుక్కలుగా తాత్కాలికంగా వెల్డింగ్. నేను వేయించలేదు, నా బండి వెనక తలుపు ఈరోజుకీ మోకాలితో తంతేనే పడుతుంది.

— కొత్త గుమ్మం రేకు దొరికిందేటి?

— లేదన్నా. పాతదాని కొలతకి వంచించాలి.

— అయితే 18 గేజీ మందం రేకు తీసుకో. సీఓటూ వెల్డింగే (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో తీగ కరిగించి అతికేది) చేయించు, అదీ ఇక్కడో అంగుళం, అక్కడో అంగుళం. ఏకబిగిన లాగితే వేడికి రేకు అప్పడంలా ఉబ్బుతాది. ముందు బ్యాటరీ వైరు పీకెయ్యి. అడుగున నీళ్లు కారే కన్నాలు మాత్రం మూయనివ్వకు, మా మేస్త్రి నీటుగా ఉంటుందని మూసేశాడు, రెండు వానాకాలాలకే మళ్లీ తుప్పు మొదలైంది.