అప్‌డేట్: సందు చివర ట్రాలీలు, చెత్త సమస్య తీరింది

విశాఖ ఎంవీపీ కాలనీలో మా సందు చివర సూపర్‌మార్కెట్ ట్రాలీలు వదిలేసి పోతున్నారు, వాటిలో చెత్త పోస్తున్నారు, ఎవరికి చెప్పాలని మూడు నెలల కిందట అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఒకటే: హ్యాండిల్ మీది నంబర్లు ఫోటో తీసి నేరుగా స్టోర్ మేనేజర్‌కి చూపించడం. మొత్తం ఏడు ట్రాలీలు. ఒకదాంట్లో కొబ్బరి బొండాలు, ఒంటి చెప్పు, చక్రానికి మెలిపడిన పాలిథిన్ కవరు. ముందు "మావి కాదండీ" అన్నాడు. నంబర్లు చూశాక మాట్లాడలేదు, సాయంత్రానికి వాటిని తీసుకెళ్లడానికి గూడ్స్ ఆటో పంపాడు. ఇప్పుడు స్టోర్ గేటు దాటి ట్రాలీని వదలట్లేదు, సామాను స్టోర్ కుర్రాడే ఆటో దాకా తెచ్చిపెడుతున్నాడు.

మిగిలిన చెత్త వార్డు సచివాలయం శానిటేషన్ సెక్రటరీకి చెబితే రెండో రోజే తీయించారు. ట్రాలీలు పోయాక అక్కడ మళ్లీ ఎవరూ వేయలేదు.

సీసీ కెమెరా అనవసరం. దానికోసం చందాలు కూడా మొదలెట్టాం, తిరిగిచ్చేశాం. బయటివాళ్ల పనేమో అనుకున్నాం గానీ, ట్రాలీలు తోసుకొచ్చింది మా అపార్ట్‌మెంట్ వాళ్లే. అందులో మా బావగారు ఒకరు!