పిల్లల చదువుకి సాయం: ఆఫ్రికాలో పాపకా, మా ఊరి పిల్లలకా? మీ అనుభవాలు చెప్పండి

ఫ్రిస్కో_అమ్మ
అందరికీ నమస్తే. మేం టెక్సాస్‌లో ఉంటాం, సొంతూరు ఎమ్మిగనూరు వైపు. ఏడాదికి అరవై వేల రూపాయలు పేద పిల్లల చదువుకి తీసిపెట్టాలని మేమిద్దరం అనుకున్నాం. ఆఫ్రికాలో ఒక పాపని స్పాన్సర్ చేద్దాం, ఫోటోలూ ఉత్తరాలూ వస్తాయి అని మా ఆయన అంటున్నారు. నాకు మాత్రం ఊరి వైపే మనసు లాగుతోంది.

ఒక సంగతి దాచకుండా చెప్తాను. నాలుగేళ్ల కిందట మా అమ్మ దగ్గర పనిచేసే ఆమె కూతుర్ని టౌన్‌లో ఒక ప్రైవేటు బడిలో చేర్పించాను. ఫీజు నేనే కట్టాను. బస్సు, డైరీ, టై, బెల్టు, యాన్యువల్ డే డ్రెస్సు... వీటి గురించి నేను అడగలేదు, ఆమె మొహమాటపడి చెప్పలేదు. రెండో ఏడాది మధ్యలో పాప మానేసింది. నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. బస్సు బాకీ కడితేనే టీసీ ఇస్తామన్నారట. ఇప్పటికీ తలుచుకుంటే నిద్ర పట్టదు. ఈసారి అలా జరగకూడదని అడుగుతున్నాను.

పాలమూరు_టీచర్
మేడమ్, అరవై వేల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పాప ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోండి. టీసీ లేదని సర్కారు బడిలో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. 2009 విద్యాహక్కు చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది. వయసు సర్టిఫికెట్ లేకపోయినా అంతే. చదువు మధ్యలో ఆగిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలని కూడా ఉంది. ఈ ముక్క తెలియక ఇంట్లోనే ఉండిపోయిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

మా దగ్గర డబ్బు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది కాగితం. ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. సర్కారు బడి పిల్లలు పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 వస్తుంది. నా క్లాసులో ఒకబ్బాయి ఎంపికయ్యాడు. ఆధార్‌లో పేరు విడివిడిగా రెండు ముక్కలు, బడి రికార్డులో కలిపి ఒకటే. దానికి వాళ్లమ్మ మూడుసార్లు మీసేవకి తిరిగింది. మూడుసార్లూ కూలి పోయింది. నాలుగోసారి నేనే బండి మీద తీసుకెళ్లాను. పెట్రోలు ఖర్చు వంద రూపాయలు కూడా కాలేదు. ఆ వందే నాలుగేళ్ల స్కాలర్‌షిప్‌ని నిలబెట్టింది.

రామగుండం_రవి
టీచర్ గారు చెప్పినట్టే మాక్కూడా కాగితమే ఇబ్బంది. పెద్దపల్లి దగ్గర ఇటుక బట్టీల్లో మూడు సీజన్లు కూలీల పిల్లలకి పాఠాలు చెప్పాను. ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి కుటుంబాలు చలికాలానికి ముందు వస్తాయి, వానలకి ముందు వెళ్లిపోతాయి. అంటే పిల్లలకి బడి ఏడాదిలో సగానికి పైగా ఇక్కడే గడవాలి. పచ్చి ఇటుకలు ఎండటానికి తిప్పి పెట్టే పని పిల్లలది. పెద్దవాళ్లు ఆ వరసల మధ్య నడిస్తే ఇటుక నలుగుతుంది, పిల్లల కాళ్లు తేలిక కదా. ఎనిమిదేళ్ల పిల్ల వంగి వంగి వెయ్యి ఇటుకలు తిప్పాక పలక పట్టుకుంటే వేళ్లు వణికేవి. అది చూసి నేను ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను.

తెలంగాణలో ఈ పిల్లల కోసం బట్టీల దగ్గర ఒడియా మీడియం బడులు నడిచాయి. ఒడియా పుస్తకం చేతికొచ్చిన రోజు ఆ పిల్లల మొహాలు చూడాలి. తెలుగు పుస్తకం ఇస్తే బొమ్మలు చూసి పెట్టేసేవాళ్లు. ఇంకోటి, తిరిగి వెళ్లేటప్పుడు ఇక్కడ ఎన్ని రోజులు బడికి వచ్చారో కాగితం రాసి, సంతకం పెట్టి ఇచ్చేవాళ్లం. అది లేకపోతే అక్కడ మళ్లీ మొదటి నుంచే.

లుసాకా_తెలుగు
ఫ్రిస్కో అక్కా, ఆఫ్రికా అన్నారు కాబట్టి రాస్తున్నాను. పదకొండేళ్లుగా జాంబియాలో ఉన్నాం. ఇక్కడ 2022 నుంచి సర్కారు బడుల్లో సెకండరీ దాకా ఫీజు తీసేశారు. ఇంటి దగ్గర ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా వచ్చారు, గదులు చాలక ముగ్గురు కూర్చునే బెంచీ మీద ఐదుగురు. కాబట్టి "పిల్లల ఫీజు కడతాం, డబ్బివ్వండి" అని ఎవరైనా అడిగితే దేనికి ఫీజు అని తప్పకుండా అడగండి. ఖర్చంతా యూనిఫాం, బూట్లు, పుస్తకాలు, దూరం. పల్లెల్లో ఏడెనిమిది కిలోమీటర్లు నడిచే ఆడపిల్లలకి సైకిల్ ఇస్తే హాజరు పెరగడం నా కళ్లతో చూశాను. మన బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకి సైకిళ్లు ఇచ్చింది కూడా ఇందుకే.

మేం మొదట ఒక్క పాపకే సాయం చేశాం. తల్లిదండ్రులు లేరు, అమ్మమ్మ దగ్గర ఆరుగురు పిల్లలతో కలిసి పెరుగుతోంది. కొత్త బ్యాగు, కంపాస్ బాక్సు ఇచ్చాం. మరుసటి వారం ఖాళీ చేతులతో వచ్చింది. పెద్దమ్మ కొడుక్కి పరీక్షలని అమ్మమ్మ అతనికి ఇచ్చేసిందట. అమ్మమ్మ చేసింది న్యాయమే. ఆరుగురిలో ఒకరిని ఏరి పట్టుకోవడమే మా పొరపాటు. అప్పటినుంచి ఇస్తే క్లాసు మొత్తానికి, లేదంటే ఇంటి మొత్తానికి.

సూరీడు_78
ఒక రూల్ చెప్తాను, తర్వాత చిక్కు రాకుండా. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా ఇండియాలోని సంస్థకి పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా సరే. అప్పుడు ఆ సంస్థకి ఎఫ్.సి.ఆర్.ఎ., అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బు పంపే ముందే అడగండి.

గురుకులం_పిల్ల
నేను అవతలి వైపు నుంచి రాస్తున్నాను. ఐదో తరగతిలో గురుకులంలో చేరాను. తిండి, పుస్తకాలు, బట్టలు అన్నీ వాళ్లే ఇస్తారు. కానీ చేరే రోజు ట్రంకు పెట్టె, తాళం, దుప్పటి, బకెట్ మనమే తీసుకెళ్లాలి. మా నాన్న దగ్గర పెట్టెకి డబ్బు లేక ఎరువుల సంచిలో బట్టలు కట్టిచ్చాడు. మొదటి నెలంతా ఆ సంచిని మంచం కిందకి తోసి దాచేదాన్ని. దసరా సెలవులకి బస్సు ఛార్జీ లేక ఒకసారి హాస్టల్లోనే ఉండిపోయాను. వెళ్లి మళ్లీ రాకుండా పోయే పిల్లలు ఎక్కువగా ఆ సెలవుల తర్వాతే పోతారు.

ఇంకొక్క మాట. ఒకసారి దాతలు వచ్చి మమ్మల్ని వరసగా నిలబెట్టి నోటుపుస్తకం పట్టుకున్నట్టు ఫోటోలు తీశారు. ఫోటో సరిగ్గా రాలేదని నా చేతిలోది తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, ఏటా నలుగురు పిల్లలకి పెట్టెలు కొనిస్తాను. ఫోటో తీయను. దయచేసి ఫోటోలొస్తాయని ఎవరినీ ఎంచుకోకండి.

ఫ్రిస్కో_అమ్మ
మీ అందరివీ మా ఆయనకి చదివి వినిపించాను. అమ్మకి ఫోన్ చేశాను. ఆ తల్లి పని మానేసి ఈ మూడేళ్లూ మిరపకోతకి గుంటూరు వైపు వెళ్లొస్తోందట. పాప కూడా వెంట వెళ్తోంది, తమ్ముణ్ని చూసుకోవడానికి. ఇప్పుడు ఊళ్లోనే ఉన్నారు. పదమూడేళ్లు వచ్చాయి. ఏం చేయాలి టీచర్ గారూ?

పాలమూరు_టీచర్
కస్తూర్బా బాలికా విద్యాలయంలో అడగండి. చదువు ఆగిపోయిన ఆడపిల్లల కోసమే 2004లో వాటిని పెట్టారు, అక్కడే ఉండి చదువుకోవచ్చు. తల్లి వలస వెళ్లినా పాప చదువు ఆగదు. ముందు ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకి వెళ్లండి, పాపని వెంట తీసుకెళ్లాలి. ఎవరైనా చదువుకున్నవాళ్లు తోడుంటే పని అవుతుంది. తమ్ముణ్ని మరిచిపోవద్దు. వాణ్ని ఎవరు చూస్తారో తేలకపోతే పాప మళ్లీ తిరిగొచ్చేస్తుంది.

ఫ్రిస్కో_అమ్మ
సోమవారం అమ్మే వాళ్లని తీసుకెళ్తానంది. ఆ రోజు కూలి మేం ఇస్తాం. తమ్ముడికి వచ్చే మిరప సీజన్లో వాళ్ల నాయనమ్మ దగ్గర ఉండేలా నెలనెలా ఏదో ఒకటి పంపుతాం, దాని గురించి నాయనమ్మతో నేనే మాట్లాడతాను. ట్రంకు పెట్టె కూడా చెప్పాను. ఏ రంగు కావాలో పాపనే అడిగి చెప్తానంది అమ్మ.