ప్లాంటుకు కొత్త వీల్ లోడర్: బ్యాటరీదా, డీజిల్‌దా?

కంకరగుట్ట
మా కాంక్రీటు ప్లాంటులో 5 టన్నుల తరగతి (బకెట్‌తో ఒకసారికి 5 టన్నులు ఎత్తే) డీజిల్ లోడర్ పాతబడిపోయింది. కొత్తది తీసుకోవాలి. గుట్టల నుంచి ఇసుక, కంకర ఎత్తి తొట్లలో పోయడమే దాని పని. రోజుకు 8 గంటలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ. ప్లాంటుకు హైటెన్షన్ కరెంటు ఉంది. పని తక్కువగా ఉన్న నెలల్లో లోడర్‌ను బయట సైట్లకు గంటల అద్దెకు కూడా పంపుతాం. బ్యాటరీది తీసుకోమని కొందరు, దాని జోలికి పోవద్దని కొందరు అంటున్నారు. నడిపినవారు, బాగుచేసినవారు చెప్పండి. కంపెనీల కరపత్రాలు నేనూ చదివాను, వాటిని ఇక్కడ అతికించకండి.

కొలబద్ద
మీ పనికి బ్యాటరీ లోడరే సరైనది. ఎందుకో లెక్కతో చెబుతాను.

లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. మీ లోడర్ గంటకు 12 లీటర్లు తాగుతోందనుకుందాం, అంటే 120 యూనిట్లు. అందులో ఇంజను నిజంగా పనికి ఇచ్చేది మూడో వంతు, మహా అయితే 40. మిగిలినదంతా రేడియేటరు, సైలెన్సరు గుండా వేడిగా పోతుంది. విద్యుత్ మోటారులో వృథా సుమారు పదో వంతే. కాబట్టి అదే పని గంటకు 40 యూనిట్లు, కొంచెం అటూ ఇటూగా అయిపోతుంది. టిప్పర్ కోసం ఎదురుచూసే సమయంలో డీజిల్ ఇంజను తిరుగుతూనే ఉంటుంది, మోటారు ఆగిపోతుంది. ముందుకు వెళ్లి, నింపుకుని, వెనక్కి వచ్చి మలుపు తిరిగే పని కాబట్టి ప్రతి బ్రేకుతోనూ కొంత శక్తి తిరిగి బ్యాటరీకి చేరుతుంది.

ఇంకో సంగతి కరపత్రాల్లో సరిగా చెప్పరు. డీజిల్ లోడర్‌లో ఒకే ఇంజను చక్రాలనూ తిప్పాలి, బకెట్‌ను ఎత్తే హైడ్రాలిక్ పంపునూ తిప్పాలి. బూమ్, అంటే బకెట్‌ను మోసే చేయి, వేగంగా లేవాలంటే యాక్సిలరేటర్ తొక్కాలి, తొక్కితే బండి ముందుకు ఉరుకుతుంది. అందుకే ఆపరేటర్ ఒక కాలితో యాక్సిలరేటర్, మరో కాలితో బ్రేకు తొక్కుతూ ఉంటాడు. ఆ పోరులో ఇంధనమూ పోతుంది, బ్రేకులూ అరుగుతాయి. చాలా బ్యాటరీ మోడళ్లలో చక్రాలకు ఒక మోటారు, పంపుకు ఒక మోటారు విడిగా ఉంటాయి. బండి కదలకుండానే బూమ్ పూర్తి వేగంతో లేస్తుంది.

బాటసారి
2019లోనే వోల్వో చిన్న లోడర్లలో డీజిల్ మోడళ్ల అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇంకా చర్చ ఎందుకు?

పాత ఇంజను
అది చిన్న యంత్రాల మాట. వాళ్ల ఎల్25 ఎలక్ట్రిక్‌లో బ్యాటరీ 40 యూనిట్లే. కంకర గుట్ట మీద 5 టన్నుల లోడర్ గంటలో ఖాళీ చేసే శక్తి అది.

కొలబద్ద గారి లెక్కలో సైటు కనిపించలేదు. నా లోడర్‌కు 300 లీటర్ల ట్యాంకు, అంటే ఆయన కొలత ప్రకారమే 3000 యూనిట్లు. అయిదు నిమిషాల్లో నింపుకుంటాను, అదీ కొండ మీదైనా, చెరువు గట్టు మీదైనా. నేనూ ఒక బ్యాటరీ లోడర్ కొన్నాను. అమ్మినవారు 8 గంటలు ఢోకా లేదన్నారు. బయట సైటులో తడి బంకమన్ను, ఎత్తుకు ఎక్కే దారి. మధ్యాహ్నం దాటి కాసేపటికే బకెట్ నేల మీద పెట్టి నిలబడిపోయింది. అక్కడ కరెంటు లైను లేదు. జనరేటర్ తెప్పించాను. ఆ జనరేటర్ తాగిన డీజిల్, నా పాత లోడర్ తాగినంత. దీన్ని విద్యుత్ యంత్రం అని ఎలా అంటారో ఎవరైనా చెప్పండి.

కొలబద్ద
ప్రశ్న అడిగినవారికి ప్లాంటులో హైటెన్షన్ లైను ఉంది. మీరు జనరేటర్ దగ్గర ఆగిపోయారు. సరే, దాని లెక్కా చూద్దాం. జనరేటర్ లీటరుకు ఇచ్చేది మూడు, మూడున్నర యూనిట్లు. గంటకు 40 చొప్పున 8 గంటలకు, అంటే రోజుకు 320 యూనిట్లు కావాలంటే దాదాపు 100 లీటర్లు. డీజిల్ లోడర్ 8 గంటలకు తాగేది 96. జనరేటరుతో నడిపితే ఇంధనంలో లాభం లేదన్నది నిజమే. కాబట్టి జనరేటరుతో నడపకూడదు. అంతే తప్ప బ్యాటరీ లోడర్ పనికిరాదని దాని అర్థం కాదు.

పాత ఇంజను
లాభం లేదని మీరే అన్నారు. అందరూ గమనించండి.

కొలబద్ద
జనరేటరుతో అన్నాను. పూర్తిగా చదవండి.

పాత ఇంజను
మీరు మొదటి ప్రశ్న పూర్తిగా చదవండి. బయట సైట్లకు అద్దెకు పంపుతామని రాశారు. అక్కడ లైను ఎవరు వేస్తారు?

గ్రీజు చేతులు
మరమ్మతు సంగతి నేను చెబుతాను. డీజిల్‌లో 250 గంటలకో 500 గంటలకో ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, దుమ్ములో అయితే గాలి ఫిల్టరు ఇంకా ముందే మార్చాలి. కొత్త ఉద్గార నియమాల ఇంజన్లకు పొగ గొట్టంలో మసి ఫిల్టరు, యూరియా ద్రావణం అదనం. ఎక్కువసేపు ఊరికే తిరిగే ఇంజనులో పొగ తగినంత వేడెక్కదు, మసి కాలదు, ఫిల్టరు మూసుకుపోతుంది. ప్లాంటులో టిప్పర్ కోసం ఎదురుచూసే లోడర్లకు సరిగ్గా ఇదే జబ్బు. బ్యాటరీ లోడర్‌లో ఈ తలనొప్పులేవీ ఉండవు.

అయితే పిన్నులు, బుష్‌లు, హైడ్రాలిక్ హోసులు, యాక్సిల్ ఆయిల్, టైర్లు ఎక్కడికీ పోవు. గ్రీజు రోజూ కొట్టాల్సిందే. మోటారు సున్నా వేగం నుంచే పూర్తి లాగుడు ఇస్తుంది కనుక అలవాటు లేని ఆపరేటర్ గుట్టలోకి దూరేటప్పుడు చక్రాలు జారనిస్తాడు, టైరు త్వరగా అరుగుతుంది.

నా బాధ వేరే ఉంది. నారింజ రంగు కేబుళ్లలో 600 వోల్టులు, ఆపైన కూడా ఉంటాయి. సరఫరా విడదీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, కొలిచి చూసుకున్నాకే చేయి పెట్టాలి. ఆ శిక్షణ ఇమ్మని ఒక కంపెనీని అడిగితే మా మనిషే వస్తాడన్నారు. ఆ మనిషి వచ్చేదాకా యంత్రం మూల పడి ఉంది. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగలిగిన నన్ను తెర మీద ఎర్ర గుర్తు ముందు నిలబెట్టారు. శిక్షణ, సాఫ్ట్‌వేర్ ఇవ్వని కంపెనీ యంత్రం ఎంత మంచిదైనా కొనకండి.

సొరంగం
భూగర్భ పనుల్లో ఈ చర్చే లేదు. డీజిల్ యంత్రం ఎంత శక్తిదైతే అంత ఎక్కువ గాలిని పైనుంచి తోయాలి, ఆ ఫ్యాన్ల ఖర్చు భరించలేం. కేబుల్ లాక్కుంటూ తిరిగే విద్యుత్ లోడర్లు గనుల్లో దశాబ్దాలుగా ఉన్నాయి.

సీటు మనిషి
ఇంతసేపూ లీటర్లు, యూనిట్లు లెక్కపెట్టారు. అందులో కూర్చునే మనిషి గురించి ఒక్క మాట రాలేదు. నేను రెండూ నడిపాను. డీజిల్‌లో షిఫ్టు దిగాక కూడా చెవుల్లో హోరు పోదు, చేతుల్లో అదురు పోదు. బ్యాటరీ లోడర్‌లో బకెట్ గుట్టను తాకిన శబ్దం వినిపిస్తుంది, టైరు కింద రాయి నలిగిన శబ్దం వినిపిస్తుంది. ఎంత లోతుకు దిగానో చెవితో తెలుస్తుంది. పని మెరుగవుతుందని అనుభవంతో చెబుతున్నాను.

పాత ఇంజను
మీకు వినిపిస్తుంది సరే. వెనక నడిచే కూలీకి మీ యంత్రం వినిపించదు. డీజిల్ అయితే వస్తోందని దూరం నుంచే తెలుస్తుంది.

సీటు మనిషి
మూడు డీజిల్ యంత్రాలు ఒకేచోట రొద పెడుతుంటే ఏది ఎటు వస్తోందో ఎవరికీ తెలియదు. ఆ రొదలో ఆపమని అరిచినా నాకు వినిపించలేదు. ఒక మనిషికి దెబ్బ తగలబోయి తప్పింది. వెనక కెమెరా, వెనక్కి వచ్చేటప్పుడు మోగే హారన్, మనుషులకు విడి దారి ఉండాలి. అవి ఏ లోడర్‌కైనా కావాలి.

పాత ఇంజను
సీటులో కూర్చుని మంచి చెడ్డలు చెప్పడం తేలికే. వాయిదాలు కట్టేది మీరు కాదు.

సీటు మనిషి
తేలికా? సాయంత్రం ముఖం కడిగితే నల్ల నీళ్లు వస్తాయి. టిప్పర్ పొగ, నా లోడర్ పొగ, ప్రహరీ లోపల కదలని గాలి. డీజిల్ పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే మొదటి వర్గంలో చేర్చింది. అది తెలిసీ అదే సీటులో కూర్చుంటున్నాను, ఎందుకంటే నాకు వేరే పని రాదు. మీ వాయిదాలకు నా ఊపిరితిత్తులు పూచీ ఉండాలా?

పాత ఇంజను
నేను మీకు జీతం ఇచ్చే యజమానిని కాను. మీ కోపం నా మీద ఎందుకు? నేను కూడా అదే పొగలో తిరిగినవాణ్నే.

నిర్వాహకులు
ఇద్దరూ యంత్రం గురించి మాట్లాడండి. వ్యక్తిగత మాటలు ఇకపై తొలగిస్తాం.

పాత ఇంజను
సరే, యంత్రం గురించే చెబుతాను, అసలు బాధే చెబుతాను. డీజిల్ లోడర్ అద్దెకు ఇచ్చినప్పుడు డీజిల్ పోయించుకునేది అద్దెకు తీసుకున్నవారు. యంత్రం ఎంత తాగినా అది వారి ఖాతా. పొగ లేదు, ఖర్చు తక్కువ అని ఎక్కువ డబ్బు పెట్టి బ్యాటరీది కొన్నది నేను. దానివల్ల తగ్గిన ఇంధనం ఖర్చు ఎవరికి మిగిలింది? సైటు వారికి. గంట అద్దె కొంచెం పెంచమంటే అన్ని లోడర్లకూ ఒకటే రేటు అన్నారు. చార్జింగ్ లైను వేస్తామని నోటితో చెప్పి, దించాక చేతులెత్తేశారు. యంత్రం నిలబడితే గంటల మీటరు తిరగదు, మీటరు తిరగకపోతే అద్దె లేదు, అప్పుకు మాత్రం సెలవు లేదు. ఆ జనరేటర్ నేను ఎందుకు తెప్పించానో ఇప్పుడైనా అర్థమైందా? దాని డీజిల్ కూడా నేనే పోశాను.

కొలబద్ద
ఇది మొదటే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. ఇది బ్యాటరీ లోపం కాదు, అద్దె ఒప్పందం లోపం. ఇంధనం ఆదా ఎవరి జేబులోకి పోతుందో తేల్చుకోకుండా ఎవరూ ఈ యంత్రం అద్దెకు ఇవ్వకూడదు. కరెంటు ఇవ్వలేని రోజుకు నిలుపుదల అద్దె రాయించుకోవాలి.

పాత ఇంజను
షరతులు రాసేది వారు, సంతకం పెట్టేది మేము. ఒక్క లోడర్ ఉన్నవాడు పట్టుబడితే పక్కవాణ్ని పిలుస్తారు. పెద్ద కాంట్రాక్టరు తానే కొని నడిపేదాకా చిన్న యజమానికి ఇది నష్టమే. నా మాట ఇదే, మార్చుకోను.

కంకరగుట్ట
మీ మాటల తర్వాత నాకు దారి కనిపిస్తోంది. ప్లాంటులో యంత్రం మాదే, కరెంటు బిల్లూ మాదే. మిగిలేది ఇంకెవరికీ పోదు. బ్యాటరీది ప్లాంటుకే కట్టుబడి ఉంటుంది, బయటికి పంపను. ఒక సందేహం మాత్రం ఉంది. మిక్సర్లు నడిచేటప్పుడు చార్జరు కూడా వేస్తే గరిష్ఠ డిమాండు, అంటే ఒకేసారి వాడేందుకు ఒప్పుకున్న కరెంటు పరిమితి, దాటి బిల్లు పెరుగుతుందా?

కొలబద్ద
పెరుగుతుంది, జాగ్రత్త. 120 కిలోవాట్ల చార్జరు మధ్యాహ్నం మిక్సర్లతో కలిస్తే ఆ నెల డిమాండు చార్జీకి దెబ్బ. రాత్రి నింపండి. 400 వోల్టుల మూడు ఫేజుల లైనులో 63 ఆంపియర్లు తీసుకుంటే 43 కిలోవాట్లు వస్తాయి. 320 యూనిట్లకు ఏడున్నర గంటలు, నష్టాలు కలిపితే 8 దాటవచ్చు. రాత్రికి సరిపోతుంది. ఈ తరగతిలో 300 నుంచి 400 యూనిట్ల బ్యాటరీలు వస్తున్నాయి. పెద్దదే తీసుకోండి. అడుగుదాకా ఖాళీ చేయకుండా పదిహేను, ఇరవై శాతం మిగల్చాలి కనుక చిన్న బ్యాటరీతో 8 గంటలు లాగడం కష్టం. భోజన విరామంలో మిక్సర్లు ఆగుతాయంటే అప్పుడు కొంత నింపుకోవచ్చు.

గ్రీజు చేతులు
బ్యాటరీ బరువు గురించి భయపడకండి. లోడర్ వెనక ఎలాగూ ప్రతిబరువు కావాలి, బ్యాటరీ ఆ పని చేస్తుంది. కడిగేటప్పుడు మాత్రం కనెక్టర్ల మీదికి ఒత్తిడి నీళ్లు కొట్టనివ్వకండి.

వెన్నెల
పాత డీజిల్ అమ్మేస్తారా?

కంకరగుట్ట
లేదు, బయటి అద్దెలకు అది ఉంటుంది.

సీటు మనిషి
అంటే ఆ పొగలో ఒకరు కూర్చుంటారు. ఎప్పుడూ ఒకే మనిషి కాకుండా మార్చి మార్చి పంపండి. క్యాబిన్ తలుపుల రబ్బర్లు, గాలి ఫిల్టరు ఈ వారమే మార్పించండి.

కంకరగుట్ట
రబ్బర్లు, ఫిల్టరు రేపే తెప్పిస్తాను. వంతుల సంగతి మా ఆపరేటర్లతో కూర్చుని నిర్ణయిస్తాను.

పాత ఇంజను
ఆ డీజిల్‌ను అద్దెకు పంపే ముందు గంట రేటు మళ్లీ మాట్లాడుకోండి. అది నాకు చేతకాలేదని మీకూ చేతకాకూడదని లేదు.